బడిలో ప్రేమవిందు

డిసెంబరు రెండో వారం దాటిందంటే తెలుగునాట క్రైస్తవ బడుల్లో సెమీ క్రిస్మస్ సందడి మొదలవుతుంది. రంగు కాగితాల నక్షత్రం, గడ్డి పరిచిన పశువుల పాక, దూది గడ్డంతో క్రిస్మస్ తాత, ముఖ్య అతిథిగా ఎంఈవోగారు, కేక్ కటింగ్, శాలువా. గొర్రెల కాపరి వేషంలో తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ పిల్లల్లో చాలామంది చర్చికి వెళ్లని ఇళ్లవాళ్లే. ఆ తల్లిదండ్రులకు దాంతో పేచీ లేదు, ముందు వరసలో కూర్చుని వీడియో తీసుకుంటారు. పేచీ పెట్టుకోవలసింది బడే, తనతో తాను. ఏడాది పొడవునా ఇక్కడ క్రైస్తవ విశ్వాసం ఎక్కడ కనిపిస్తుందని అడిగితే యాజమాన్యం అసెంబ్లీ ప్రార్థననీ, వారంవారం జరిగే స్క్రిప్చర్ పీరియడ్‌నీ, ఈ పండగ ఫొటోలనీ చూపిస్తుంది. అవన్నీ ఉండవచ్చు. కానీ పిల్లవాడు తన బడి ఏం నమ్ముతోందో పసిగట్టేది అడ్మిషన్ల గదిలోనూ మధ్యాహ్నం అన్నం తినే వరండాలోనూ. ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ప్రార్థనలో చేతులు జోడించని వాణ్ని టీచరమ్మ ఏ కంటితో చూసింది అన్నది వాడికి తెలిసిపోతుంది. విశ్వాసానికి నారుమడి ఆతిథ్యమే. అది సరిగా లేనిచోట స్క్రిప్చర్‌లో ఎన్ని మార్కులు వచ్చినా నారు ఎదగదు.

ఇది క్రైస్తవులకు బయటినుంచి చెబుతున్న మాట కాదు, వాళ్ల గ్రంథంలోనే ఉంది. ఆదికాండంలో అబ్రాహాము మిట్టమధ్యాహ్నం మమ్రే సింధూరవనంలో గుడారం ముందు కూర్చుని, ఎవరో ముగ్గురు బాటసారులు కనిపిస్తే ఎదురు పరిగెత్తుతాడు. కాళ్లకు నీళ్లు, శారా చేత రొట్టెలు, లేతదూడ మాంసం. వచ్చినవాళ్లెవరో తేలేది భోజనాలయ్యాకే. ఎమ్మాయు ఊరి దారిలో శిష్యులు యేసుతో కోసుల దూరం నడిచి, లేఖనాలపై ఆయన చెప్పిందంతా విని కూడా ఆయన్ని పోల్చుకోలేకపోయారు. రాత్రికి మాతోనే ఉండమని బతిమాలి, రొట్టె విరిచే వేళకు గుర్తుపట్టారు. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు విందు పెట్టే మర్యాద చెబుతూ, తిరిగి పిలవగల స్తోమతు ఉన్నవాళ్లను కాదు, లేనివాళ్లను పిలవమంటాడు. ఈ కథలన్నిటా బల్ల దగ్గర కూర్చోబెట్టడం ముందు, తెలుసుకోవడం తర్వాత. మన బడుల్లో వరస తిరగబడింది. ముందు పాఠం, పిమ్మట పరీక్ష, ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి అనాథాశ్రమంలో బిస్కెట్ పాకెట్లు పంచడం. ఆ బిస్కెట్లు అందుకున్న పిల్లవాడికి అదే బడిలో సీటు దొరుకుతుందా అన్న ప్రశ్న మాత్రం ఆ బస్సులో ఎవరూ ఎత్తరు.

తెలుగు నేలమీద క్రైస్తవ బడి చరిత్ర మొదటినుంచీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టాడు. ఇంగ్లండునుంచి వచ్చిన మనిషి, బైబిలు బోధనలో నిక్కచ్చి, జీవితమంతా ఆ బడికే ధారపోసి 1865లో పోయాడు. అయితే అంటరానివారిగా నెట్టబడిన కులాల పిల్లలకు ఆయన తన బడిలో చోటివ్వలేదు. పైకులాల పిల్లలు వస్తే చాలు, వాళ్ల ద్వారా మిగతా సమాజానికి వెలుగు దిగుతుందని లెక్క వేసుకున్నాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి ఊరు భగ్గుమంది, బడి దాదాపు ఖాళీ అయింది. బందరుకు నైరుతిగా ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ 1866లో అడుగుపెట్టాడు. ఆయన పెట్టిన బడికీ మొదట్లో పెద్ద కులాల అండ దొరికింది. ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన వెంట మరికొందరు మాదిగలు సంఘంలోకి వస్తామన్నప్పుడు, వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమని ఆ పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు, బడినుంచి పెద్ద కులాల పిల్లలు వెళ్లిపోయారు. అంటే రెండు బడులూ ఖాళీ కావడం ఎరిగినవే. నోబుల్ చోట ఖాళీ అయింది ఇద్దరు విద్యార్థులు మతం మారినందుకు, క్లౌ చోట తలుపు ఎవరికి తీయాలన్నందుకు. తర్వాత కోస్తా జిల్లాల్లో పల్లెపల్లెకూ పాకిన క్రైస్తవం ఏ తలుపునుంచి నడిచి వెళ్లిందో వేరే చెప్పనక్కర్లేదు. దానికి పేరయ్యవంటి దేశీయ ప్రచారకుల శ్రమ, కులవ్యవస్థమీద ఆ ప్రజల తిరుగుబాటు, కరవు, ఇలా వేరే కారణాలూ ఉన్నాయి. అన్నీ ఒక బడి తలుపుకే అంటగట్టడం అన్యాయం. ఆ తలుపు మూసే ఉంటే పేరయ్య వెనక వచ్చినవారు ఎక్కడ నిలబడేవారన్నది మాత్రం ఆలోచించాల్సిందే.

తలుపు తీయడంతోనే ఆతిథ్యం పూర్తి కాదని గట్టిగా చెప్పిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తన ఊరు చేసుకున్నాడు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, పాశ్చాత్య పెద్దలతో నిండిన ఆ సభలో లేచి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహం కూడా కావాలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సభలో కొందరికి అది చురుక్కుమంది. సేవ చేస్తూనే సమానంగా కూర్చోనివ్వకపోవడం ఎంత సుళువో ఆయన మాటల్లో బయటపడింది మరి. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కథెడ్రల్‌ను ఇవాళ చూసినా ఆయన మనసు అర్థమవుతుంది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, రాతిలో చెక్కిన తామరలు. పెట్టిన పేరు ఎపిఫనీ కథెడ్రల్. తూర్పుదేశపు జ్ఞానులు, అంటే యూదు జాతి కాని, యూదు మతం కాని పరాయివాళ్లు, శిశువైన యేసును చూడవచ్చిన పండగ పేరది. పరాయివాళ్ల మాట అలా ఉంచి, సొంత సంఘంలోనే ఆ రోజుల్లో మాల పిల్లలూ మాదిగ పిల్లలూ ఒకే మిషన్ బోర్డింగులో ఒకే వంట తినడం చిన్న సంగతి కాదు. కంచం పొత్తు కుదరని చోట ప్రభురాత్రి భోజనం మాత్రం ఎలా కుదురుతుంది?

ఇక ఇప్పటి సంగతి. 2021లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని క్రైస్తవ మైనారిటీ బడుల్లో 74 శాతం పిల్లలు క్రైస్తవేతరులు. అన్ని మైనారిటీ బడులనూ కలిపి చూస్తే, సామాజికంగా ఆర్థికంగా వెనకబడిన ఇళ్ల పిల్లలు 8.76 శాతమే. నివేదిక చేసిన సిఫార్సులతో ఏకీభవించకపోవచ్చు గానీ ఈ రెండంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. మతం విషయంలో తలుపు బార్లా తెరిచే ఉంది, డబ్బు విషయంలో ఓరగా వేసి ఉంది. పరమతస్థుణ్ని ఆదరిస్తున్నామని గర్వంగా చెప్పుకునే బడి, ఆ పరమతస్థుడు ఫీజు కట్టగలవాడై ఉండాలని చెప్పకుండానే షరతు పెడుతోంది. దీనికి తోడు తెలుగునాట ఇంకో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. అందుకని ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్లవాడు బడి రిజిస్టరులో హిందువుగా ఉండవచ్చు. ఇంటి పరిస్థితి తెలిసిన ఏ హెడ్మాస్టరూ దాన్ని తప్పుబట్టడు. అలాంటప్పుడు కాగితం చూసి వీడు మనవాడు, వాడు అతిథి అని గీత గీయడం కుదిరే పనేనా? క్రైస్తవ పిల్లలకు విశ్వాసబోధ, మిగతావారికి నీతిబోధ అని రెండు గదులుగా విడదీసే బడులు ఈ చిక్కును రోజూ చూస్తూనే ఉంటాయి. గదులు వేరైతే కావచ్చు, అన్నం వరస వేరు కాకూడదు.

వరస కలిస్తే ఏమవుతుందో తెలిపే పరిశోధన మన దేశంలోనే జరిగింది. ప్రభుత్వ భూమి తీసుకున్న ఢిల్లీ పేరుమోసిన ప్రైవేటు బడుల్లో 2007 నుంచి పేద పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు అక్కడి సంపన్న విద్యార్థులను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పేద సహాధ్యాయులతో చదివిన సంపన్న పిల్లలు సేవా కార్యక్రమాలకు ఎక్కువగా ముందుకొచ్చారు, పంచుకోవడంలో ఉదారంగా ఉన్నారు. రిలే పరుగులో జట్టును ఎంచుకోమన్నప్పుడు చొక్కా చూసి కాక పరుగు చూసి ఎంచుకున్నారు. ఇందులో క్రైస్తవ బడులవారు శ్రద్ధగా చూడవలసిన వివరం ఒకటుంది. కొన్ని బడుల్లో పేరులోని మొదటి అక్షరాన్నిబట్టి చదువు గుంపులు వేస్తారు. ఆ వరసవల్ల ఒక పేద పిల్లవాడితో ఒకే గుంపులో పడ్డవారిలో ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒకే కప్పు కింద ఉండటంకంటే ఒకరితో ఒకరు పని చేయడంలోనే గుణం ఉందన్నమాట. ఇదేమీ ఖర్చు లేకుండా జరగలేదు. సంపన్న పిల్లల ఇంగ్లిష్ మార్కులు కొద్దిగా తగ్గాయి, లెక్కల్లోనూ హిందీలోనూ తేడా రాలేదు. ఇంగ్లిష్‌లో ఆ కాస్త తగ్గుదలే కొంపలంటుకున్నట్టు భావించే తల్లిదండ్రులు మన దగ్గరా ఉంటారు. వాళ్లకు ఈ లెక్క దాచకుండా చెప్పి, మా బడి దీన్ని ఎంచుకుందని చెప్పగల కరస్పాండెంటు కావాలి.

ఇక్కడ చాలామంది మనసులో మెదిలే అభ్యంతరానికి వద్దాం. క్రైస్తవుల ఆతిథ్యం ఎర కాదా? అన్నం పెట్టి, చదువు చెప్పి, చివరికి మతంలో కలుపుకోవడానికేగా ఇదంతా? ఈ అనుమానాన్ని ద్వేషమని కొట్టిపారేస్తే కుదరదు. కరవుకాలంలో గంజికోసం మతం పుచ్చుకున్నారన్న నింద ఆనాటి మిషన్లను వెన్నాడింది, కొన్నిచోట్ల కారణం లేకపోలేదు. ఆ నింద తగులుతుందని ముందే గ్రహించినవాడు క్లౌ. 1876-78 నాటి మహాకరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కానీ కరవు సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగాకే, 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అంత పెద్ద సంఖ్య చూసి ఇవాళ కూడా అనుమానించేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. గంజికీ మతానికీ మధ్య ఎడం ఉంచాలన్న ఆ పట్టుదల మాత్రం ఏ క్రైస్తవ బడైనా గోడమీద రాసి పెట్టుకోదగ్గది. ఈ ఎడాన్నే మన రాజ్యాంగం హక్కుగా ఇచ్చింది. 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే బడిలో ఏ విద్యార్థినీ తన సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరుకమ్మని అనకూడదు. ఆతిథ్యానికి ఇదే అసలు పరీక్ష. వద్దనే వీలు లేనిచోట అతిథి ఉండడు, బందీ ఉంటాడు. వద్దన్నాక కూడా వాడి చోటు వాడికే ఉందని చూసిన క్రైస్తవ పిల్లవాడికి, తన దేవుడు ఎవర్నీ మెడబట్టి లాక్కురాడన్న సంగతి ఏ పాఠమూ లేకుండానే బోధపడుతుంది.

2024 ఏప్రిల్లో రెండు పరిణామాలు దాదాపు ఒకేసారి జరిగాయి. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య విద్యాశాఖ తమ బడులకు మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లలమీద మన ఆచారాలు రుద్దవద్దు, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించండి, అన్ని మతాలవారూ ప్రార్థన చేసుకోగల గది ఒకటి ఏర్పాటు చేయండి అని అందులో ఉంది. అదే నెలలో మంచిర్యాల జిల్లాలోని ఒక క్రైస్తవ బడిలో హనుమాన్ దీక్ష దుస్తులతో వచ్చిన విద్యార్థుల విషయంలో వివాదం రేగి, గుంపు బడిలోకి చొరబడి అద్దాలు పగలగొట్టేదాకా వెళ్లింది. దాడి దాడే, దానికి సమర్థన లేదు. బడులు ఆ గొడవనుంచి నేర్చుకోవలసింది మాత్రం ఉంది. ఏటా మాలలు, దీక్షలు వేసుకునే పిల్లలు, రంజాన్‌లో ఉపవాసం ఉండే పిల్లలు, శ్రమదినాల్లో మాంసం మానేసే పిల్లలు అదే బడిలో ఉంటారు. యూనిఫాం నియమానికి ఆ కొద్ది రోజులు ఎంత సడలింపు ఉంటుందో జూన్‌లోనే అచ్చువేసి ఇస్తే, ఏప్రిల్లో గేటు దగ్గర వాచ్‌మన్ నిర్ణయం తీసుకోవలసిన అవసరం రాదు. అతిథి మర్యాద అంటే ముందుగా సిద్ధపడటం కూడా.

అటువైపునుంచి వచ్చే అభ్యంతరం పాస్టర్లది, విశ్వాసంగల తల్లిదండ్రులది. ఇంత విశాలంగా పోతే బడిలో క్రైస్తవం మిగులుతుందా? పేరుకు సెయింటు, లోపల అన్నీ సమానమేనన్న పలచని మాటగా మారిపోదా? ఈ భయానికి ఆధారం లేకపోలేదు. పేరులో తప్ప ఎక్కడా క్రైస్తవం లేని బడులు ఊరూరా ఉన్నాయి. కానీ వాటిని పలచన చేసింది ఆతిథ్యం కాదు, ర్యాంకులు. విశ్వాసం నాటే ప్రధాన బాధ్యత బడిదన్న నమ్మకమే ముందుగా సరిచూసుకోవాలి. అమెరికాలో కౌమార వయస్కుల మతజీవితంపై క్రిస్టియన్ స్మిత్ నాయకత్వంలో 2000ల్లో సాగిన జాతీయ అధ్యయనం, పిల్లల విశ్వాసాన్ని అన్నిటికంటే ఎక్కువగా మలిచేది తల్లిదండ్రుల నడవడేనని తేల్చింది. ఇంట్లో నాటిన దాన్ని బతికించి చూపడం, మాటకూ చేతకూ పొంతన కుదురుతుందని కళ్లముందు నిరూపించడం బడి చేయగల పని. అలాంటి చోట పరమతస్థుడు కూడా ఏదో ఒకటి పట్టుకుపోతాడు. బ్రహ్మసమాజికుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు విలియం మిల్లర్ నడిపిన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, బందరు నోబుల్ కళాశాలలో పాఠం చెప్పాడు. ఆయన శిష్యుల్లో పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఉన్నారు. వీళ్లెవరూ క్రైస్తవులు కాలేదు. వెంకటరత్నం నాయుడు తర్వాత కాకినాడలో దళిత విద్యార్థులకు వసతిగృహం నడిపాడు. నోబుల్ మూసి ఉంచిన తలుపును నోబుల్ పేరిట ఉన్న కళాశాలలో పని చేసిన ఒక బ్రహ్మసమాజికుడు ఇంకోచోట తెరిచాడు. ఇందులో తెలుగు చర్చికి చిన్నతనమూ ఉంది, సంతోషించదగ్గదీ ఉంది.

వీటికంటే లోతైన అభ్యంతరం ఇంకోటుంది. ఆతిథ్యం ఇచ్చేవాడు ఎప్పుడూ ఇచ్చేవాడుగానే ఉండిపోతే పుచ్చుకునేవాడు జన్మంతా అతిథే. ఇల్లు మాది, మీరు వచ్చారు, సంతోషం అన్న ధోరణిలో ఆధిపత్యం దాక్కుని ఉంటుంది. అజరయ్య ఎడింబరోలో ఎత్తిచూపింది దాన్నే. మందు సువార్తల్లోనే దొరుకుతుంది. యేసు వాటిల్లో ఎక్కువసార్లు కనిపించేది ఇంకొకరి ఇంట విస్తరి ముందు. జక్కయ్య ఇంటికి పిలవకుండానే వెళ్లాడు, శిష్యుల్ని ఊళ్లమీదికి పంపుతూ పెట్టింది తినమన్నాడు. కాబట్టి క్రైస్తవ విద్యార్థికి వడ్డించడంతోపాటు పెట్టించుకోవడం కూడా నేర్పాలి. చేతల్లో ఇది చాలా మామూలు పని. మధ్యాహ్నం వరండాలో డబ్బాలు విప్పే వేళకు పిల్లలు ఎవరి జట్టు వాళ్లుగా చేరిపోతారు. నెయ్యి వాసన ఒక మూల, రాత్రి మిగిలిన అన్నంలో కలిపిన పచ్చడి ఇంకో మూల. హాజరు పట్టీ వరసనుబట్టి ఆరుగురేసి కూర్చునేలా చేసి, నెలకోసారి ఆ వరస మారిస్తే చాలు. నీళ్లు పోసేది, నేల తుడిచేది, కొత్తగా చేరినవాడికి మొదటి వారం తోడుండేది పిల్లలే కావాలి, ఆయమ్మ కాదు. రంజాన్ మాసంలో ముస్లిం పిల్లల ఇళ్లవాళ్లు ఇఫ్తార్ పెడతామంటే కరస్పాండెంటుగారు ముఖ్య అతిథి కుర్చీలో కాకుండా చాపమీద కూర్చోవాలి. ఎయిడెడ్ బడులకు ఈ పాఠం రోజూ పళ్లెంలోకే వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో దారినపోయేవారి ఆకలి తీర్చి అన్నపూర్ణ అనిపించుకున్న బ్రాహ్మణ గృహిణి ఆమె. అన్నం ముందు చేసే ప్రార్థనలో ఆమెకు కూడా కృతజ్ఞత చెప్పించే ధైర్యం ఎన్ని క్రైస్తవ బడులకుందో!

ఖర్చు మాటేమిటని యాజమాన్యాలు అడుగుతాయి. విదేశీ నిధులు ఎండిపోయాయి, ఎయిడెడ్ పోస్టులు భర్తీ కావడం లేదు, కార్పొరేట్ బడి పక్క వీధిలోకే వచ్చింది. ఇవన్నీ నిజమే. అయితే తెలుగు సంఘాలకు లేమిలో ఇవ్వడం కొత్త కాదు. పొయ్యిమీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి చర్చికోసం వేరే కుండలో వేసిన ఆడవాళ్ల సంఘాలవి. క్రిస్మస్ నాటి ప్రేమవిందుకు చందాలు వేసుకుని ఊరంతటికీ అన్నం పెట్టే విశ్వాసులు, ఆ లెక్కలోనే ఇద్దరు పిల్లల ఫీజు మోయలేరా? పూర్వ విద్యార్థుల సంఘాలు గేటుకు ఆర్చి కట్టించడానికి ఇచ్చే డబ్బు నాలుగైదు సీట్లకు మళ్లితే ఆర్చి లేకపోయినా బడి నడుస్తుంది. చట్టం వైపునుంచి ప్రస్తుతానికి ఒత్తిడి లేదు. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు కేటాయించమన్నది. 2014లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మైనారిటీ బడులను ఆ చట్టంనుంచి మినహాయించింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలనకోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మినహాయింపును కాపాడుకోవడానికి చర్చి సంస్థలు లాయర్లను పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, బడులు నడుపుకునేందుకు మైనారిటీలకు 30వ అధికరణం ఇచ్చిన హక్కును కాపాడుకోవడంలో తప్పు లేదు. కానీ బలవంతం లేదన్న మాటకు ఇవ్వకూడదన్న అర్థం లేదు. తీర్పు ఎటు వచ్చినా రాకపోయినా, వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ అడ్మిషన్ల జాబితా రాసేటప్పుడు ప్రతి నలుగురిలో ఒకరిని బడి వెనక వీధినుంచి పిలుచుకోవడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.